ఎండోస్కోపీ : భయమెందుకు? బాధ తగ్గే దారులేవి?



ప్రతి సంవత్సరం మన వార్షికోత్సవ సంచికలో కథలు, కవితలు, పొడుపు కథలు, చదువు సలహాలు వస్తుంటాయి. ఈసారి మేము ఒక వైద్య విషయం రాయదలచుకున్నాము. మేము డాక్టర్లము కాము. ఈ హాస్టల్ అన్నం తిని చదువుకొని, ఇప్పుడు ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ చదువుతున్నవాళ్ళము. మా ఇంట్లో డిగ్రీ పట్టా అందుకున్నది మేమే మొదలు. అందువల్ల ఇంట్లో గానీ, వీధిలో గానీ ఎవరికి ఒంట్లో బాగాలేకపోయినా "సదువుకున్నోనివి, నువ్వు తోడు రాప్పా" అని పిలుస్తారు. చీటీ చదవాలి, సంతకం పెట్టాలి, డాక్టరు ఇంగ్లీషులో చెప్పింది ఇంటి భాషలో విడమర్చాలి. ఈ సంచిక చదువుతున్న మీలో చాలామందికి ఇది ఇప్పటికే అనుభవం. కానివారికి రేపు అవుతుంది. అందుకే ఈ వ్యాసం.

మన వైపు ఎండోస్కోపీ అన్న మాట వింటేనే జనం వెనక్కి పోతారు. "గొంతులోకి పైపు దూరుస్తారంట, పేగులు బయటికొచ్చేంత వాంతి అవుతుందంట" అని ఒకరికొకరు చెప్పుకుంటారు. ఆ భయంతో పరీక్ష మానుకొని, సంవత్సరాల తరబడి గ్యాస్ బిళ్ళలు మింగుతూ గడిపేవాళ్ళు ప్రతి ఊళ్ళో ఉన్నారు. మత్తు లేకుండా చేసే ఎండోస్కోపీలో ఇబ్బంది ఉన్న మాట నిజమే. అయితే ఆ ఇబ్బంది ఎక్కడి నుంచి వస్తుందో, దానిని ముందుగా ఇచ్చే మందులు ఎంతవరకు తగ్గిస్తాయో తెలిస్తే భయం సగం పోతుంది. మిగతా సగం పోగొట్టడం తోడు వెళ్ళే మన చేతుల్లో ఉంది.

ఎండోస్కోపీ అంటే ఏమిటి?

చివర చిన్న కెమెరా, దీపం ఉన్న సన్నని, వంగే గొట్టాన్ని నోటి గుండా అన్నవాహికలోకి, అక్కడి నుంచి జీర్ణాశయంలోకి, చిన్నపేగు మొదటి భాగంలోకి పంపి లోపలి గోడలను తెర మీద చూడడమే ఎండోస్కోపీ. గొట్టం పొడవు సుమారు ఒక మీటరు. మందం 9 నుంచి 10 మిల్లీమీటర్లు, అంటే మన చిటికెన వేలంత ఉంటుంది. కేవలం చూసి రావడానికైతే 5 నుంచి 10 నిమిషాలు పడుతుంది. అనుమానం ఉన్నచోట గోరు కొనంత ముక్క తీసి పరీక్షకు పంపుతారు. ఆ ముక్క తీసేటప్పుడు నొప్పి తెలియదు, ఎందుకంటే జీర్ణాశయం లోపలి పొరకు కోత నొప్పిని తెలిపే నాడులు ఉండవు.

ఈ పరీక్ష వెనుక ఆసక్తికరమైన చరిత్ర ఉంది. 1868లో జర్మనీకి చెందిన కుస్మాల్ అనే వైద్యుడు మొదటిసారి మనిషి జీర్ణాశయంలోకి గొట్టం పంపి చూశాడు. ఆ రోజుల్లో గొట్టం వంగేది కాదు. అందువల్ల ఆయన ఎంచుకున్న మనిషి ఎవరో తెలుసా? కత్తులు మింగే గారడీవాడు! మామూలు మనిషి ఆ కడ్డీని భరించలేడు కదా. 1932లో షిండ్లర్ అనే వైద్యుడు కొంతవరకు వంగే గొట్టాన్ని తెచ్చాడు. 1957లో అమెరికాలో పనిచేస్తున్న హిర్షోవిట్జ్ సన్నని గాజు పోగులతో పూర్తిగా వంగే గొట్టం తయారుచేసి, దానిని మొదట తన గొంతులోకే పంపుకొని చూశాడు. అంటే ఈ పరీక్ష చరిత్ర అంతా రోగికి బాధ తగ్గించడానికి జరిగిన ప్రయత్నమే.

మన తెలుగునాట ఈ వైద్యానికి పేరు తెచ్చినవారు డాక్టర్ డి. నాగేశ్వర రెడ్డి గారు. ఆయన ఎంబీబీఎస్ చదివింది మన పక్కనే ఉన్న కర్నూలు వైద్య కళాశాలలో. హైదరాబాదులో ఆయన స్థాపించిన ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీకి ఎండోస్కోపీ నేర్చుకోవడానికి విదేశాల నుంచి కూడా వైద్యులు వస్తారు. ఆయనకు 2002లో పద్మశ్రీ, 2016లో పద్మభూషణ్, 2025లో పద్మవిభూషణ్ లభించాయి. సీమ గడ్డ మీద చదువుకున్న వైద్యుడు ప్రపంచానికి నేర్పిస్తున్న పరీక్షకు సీమ జనం భయపడి దూరంగా ఉండడం బాధాకరం.

మనకు ఎందుకు అవసరం?

మన వేముల మండలంలో, చుట్టుపక్కల పులివెందుల, జమ్మలమడుగు ప్రాంతాల్లో ఎక్కువమందిది ఒళ్ళు వంచి చేసే పని. ముగ్గురాయి గనుల్లో రాయి కొట్టినవాళ్ళు, అరటి గెలలు మోసేవాళ్ళు, చేనికి కూలికి పోయేవాళ్ళు. సాయంత్రానికి నడుము నొప్పి, మోకాళ్ళ నొప్పి. వెంటనే అంగట్లో నొప్పి బిళ్ళ కొని, చాలాసార్లు ఖాళీ కడుపుతోనే మింగుతారు. డైక్లోఫినాక్ వంటి నొప్పి బిళ్ళలు జీర్ణాశయాన్ని కాపాడే పొరను దెబ్బతీసి పుండు పడేలా చేస్తాయి.

కడుపులో పుండుకు రెండవ ముఖ్య కారణం హెలికోబాక్టర్ పైలోరి అనే సూక్ష్మజీవి. దీనిని కనుగొన్న ఆస్ట్రేలియా వైద్యులు బారీ మార్షల్, రాబిన్ వారెన్‌లకు 2005లో నోబెల్ బహుమతి వచ్చింది. పుండుకు కారణం సూక్ష్మజీవి అంటే అప్పట్లో ఎవరూ నమ్మలేదు. మార్షల్ 1984లో ఆ సూక్ష్మజీవి ఉన్న ద్రవాన్ని తానే తాగి, జబ్బు పడి, ఎండోస్కోపీ చేయించుకొని తన కడుపు వాపును చూపించాడు. ఈ సూక్ష్మజీవిని తగిన మందులతో రెండు వారాల్లో తొలగించవచ్చు. కానీ అది ఉందో లేదో తెలియకుండా ఏళ్ళ తరబడి గ్యాస్ బిళ్ళలు మింగితే ఏం లాభం?

కడుపుమంట ఉన్న ప్రతివారికీ ఎండోస్కోపీ అక్కరలేదు. అయితే ఈ కింది లక్షణాలు ఉంటే ఆలస్యం చేయకూడదు:

1. ముద్ద మింగేటప్పుడు గొంతు దిగువన అడ్డం పడడం.
2. రక్తపు వాంతి కావడం.
3. విరేచనం తారులాగా నల్లగా, జిగటగా రావడం. (ఐరన్ బిళ్ళలు వాడేవారికి కూడా నల్లగా రావచ్చు. ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి.)
4. కారణం లేకుండా బరువు తగ్గడం, ఆకలి చచ్చిపోవడం.
5. తగ్గని వాంతులు, కారణం తెలియని రక్తహీనత.

మొదట్లోనే చూస్తే పుండు మందులతో మానుతుంది. కాన్సరైనా తొలి దశలో దొరికితే వైద్యం సులువు. భయపడి వాయిదా వేసిన ప్రతి నెలా ఆ అవకాశం తగ్గుతుంది.

వికారం ఎందుకు వస్తుంది?

ఇక అసలు విషయానికి వద్దాము. గొట్టం లోపలికి పోయేటప్పుడు కలిగే బాధ ఒక్కటి కాదు. అది మూడు దారుల్లో వస్తుంది.

మొదటి దారి గొంతు. నాలుక మొదలుకు, గొంతు వెనుక గోడకు ఏదైనా తగిలితే తొమ్మిదవ కపాల నాడి ఆ కబురును మెదడు అడుగు భాగానికి చేరవేస్తుంది. అక్కడి నుంచి పదవ నాడి, అంటే వేగస్ నాడి ద్వారా గొంతు కండరాలు ఒక్కసారిగా ముడుచుకుంటాయి. దీనినే మనం డోకు అంటాము. పళ్ళు తోముకుంటూ నాలుక మరీ లోపలికి గీకినప్పుడు వచ్చేది ఇదే. విషపదార్థం, ఎముక ముక్క వంటివి లోపలికి పోకుండా శరీరం పెట్టుకున్న కావలి ఇది. ఇది మన ఇష్టంతో జరిగేది కాదు. కాబట్టి "ఓర్చుకోలేవా?" అని రోగిని కసురుకోవడం తప్పు.

రెండవ దారి జీర్ణాశయం. గోడల మడతలు విప్పి చూడడానికి డాక్టరు గొట్టం ద్వారా గాలి పంపుతారు. కడుపు బూర ఊదినట్టు ఉబ్బుతుంది. సాగిన గోడల నుంచి వేగస్ నాడి మళ్ళీ మెదడుకు కబురు పంపుతుంది. అప్పుడు కడుపు తిప్పినట్టు, వాంతి వచ్చినట్టు అనిపిస్తుంది.

మూడవ దారి మనసు. భయపడినప్పుడు గొంతు కండరాలు బిగుసుకుంటాయి, ఊపిరి పైపైన ఆడుతుంది, చిన్న స్పర్శ కూడా పెద్దదిగా తోస్తుంది. వయసులో ఉన్నవారికి, ఆందోళన ఎక్కువగా ఉన్నవారికి డోకులు ఎక్కువగా వస్తాయని, వయసు పైబడినవారు తేలికగా ఓర్చుకుంటారని వైద్యులు గమనించారు. అంటే ఈ పరీక్షలో మన జేజి మనకంటే గట్టిది!

ఒక్కొక్క దారికి ఒక్కొక్క తలుపు ఉంది. ఆ తలుపులేవో చూద్దాము.

మొదటి తలుపు : గొంతుకు తిమ్మిరి మందు

పరీక్షకు కొద్ది నిమిషాల ముందు గొంతులోకి కొట్టే స్ప్రే పేరు లిగ్నోకైన్. దీనినే లిడోకైన్ అని కూడా అంటారు. 1943లో స్వీడన్‌లో లోఫ్‌గ్రెన్ అనే రసాయన శాస్త్రవేత్త తయారుచేసిన మందు ఇది. పన్ను పీకేటప్పుడు చిగురుకు ఇచ్చే తిమ్మిరి సూది కూడా సాధారణంగా ఇదే.

ఇది ఎలా పనిచేస్తుంది? నాడుల్లో కబురు నడవాలంటే సోడియం అయాన్లు నాడి పొరలోని సన్నని ద్వారాల గుండా లోపలికి రావాలి. లిగ్నోకైన్ ఆ ద్వారాలను కొంతసేపు మూసివేస్తుంది. గొట్టం గొంతుకు తగులుతుంది, కానీ తగిలినట్టు మెదడుకు కబురు సరిగా అందదు. అందువల్ల డోకు తగ్గుతుంది. ఇది ఇంటర్మీడియట్ జువాలజీ పాఠంలో నాడీ ప్రచోదనం గురించి చదివిన వారికి సులువుగా అర్థమవుతుంది.

మనకు ఎక్కువగా కనిపించేది 10 శాతం స్ప్రే. ఒక్కసారి నొక్కితే 10 మిల్లీగ్రాముల మందు వస్తుంది. ఎన్నిసార్లు కొట్టాలో వయసు, బరువు, ఆరోగ్యం చూసి వాళ్ళే నిర్ణయిస్తారు. కొన్నిచోట్ల స్ప్రేకు బదులు 2 శాతం చిక్కటి లిగ్నోకైన్ ద్రవాన్ని ఇచ్చి కాసేపు గొంతులో ఉంచుకోమంటారు. మందు చేదుగా ఉంటుంది, మొదట కొంచెం చురుక్కుమంటుంది. నిమిషాల్లో నాలుక మొద్దుబారుతుంది.

ఇక్కడే చాలామంది భయపడిపోతారు. మాకు తెలిసిన ఒక పెద్దాయన సంగతి చెబుతాము. కూలి పని చేసి బతికిన మనిషి. పరీక్ష కోసం ఒక ఆస్పత్రికి వెళ్ళాడు. అక్కడ ఏమీ చెప్పకుండా నోరు తెరవమని స్ప్రే కొట్టారు. కాసేపటికి గొంతు మొద్దుబారింది. గుటక పడుతున్నట్టు తెలియలేదు. "నా గొంతు మూసుకపోయింది, ఊపిరి ఆడ్డంలే" అని లేచి, చీటీ అక్కడే పారేసి బస్సెక్కి ఇంటికి వచ్చేశాడు. ఆ తరువాత నెలల తరబడి మనిషి చిక్కిపోయాడు, విరేచనం నల్లబడింది, నాలుగడుగులు వేస్తే ఆయాసం. చివరికి ఇంకొక చోటికి తీసుకుపోయారు. అక్కడి నర్సమ్మ ఆయన పక్కన కూర్చొని ఇలా చెప్పింది: "పెద్దాయనా, ఈ మందు కొడితే గొంతు ఉన్నట్టే తెలీదు. గుటక పడనట్టు ఉంటాది. అది మందు పని చేసేదానికి గుర్తు. ఊపిరి గొట్టం వేరే, అన్నం పోయే గొట్టం వేరే. నీ ఊపిరి యాడికీ పోదు." అంతే. అదే మనిషి, అదే మందు, అదే పరీక్ష. రెండు మూడు డోకులతో అయిపోయింది. పుండు బయటపడింది, మందులతో మానింది. మొదటిసారి ఆయనకు తక్కువైంది మందు కాదు, నాలుగు మాటలు.

కాబట్టి తోడు వెళ్ళినవారు స్ప్రే కొట్టకముందే ఈ సంగతి చెప్పాలి. మొద్దుబారిన గొంతు మూసుకుపోయిన గొంతు కాదు.

లిగ్నోకైన్ అందరికీ పడుతుందా? చాలామందికి పడుతుంది. కానీ ఇంతకుముందు పంటి సూదికి ఒళ్ళంతా దద్దుర్లు, వాపు, ఆయాసం వచ్చి ఉంటే తప్పక చెప్పాలి. మూర్ఛలు, గుండె కొట్టుకోవడంలో తేడా, కాలేయ జబ్బు, ఉబ్బసం ఉన్నా చెప్పాలి. మందు కొట్టిన తరువాత ఒళ్ళు దద్దుర్లు లేచినా, నిజంగా ఆయాసం వచ్చినా, పెదాలు నీలంగా మారినా, చెవుల్లో గుయ్యిమని శబ్దం వచ్చినా వెంటనే నర్సుకు చెప్పాలి. ఇవి అరుదు, అయినా తెలిసి ఉండడం మంచిది.

రెండవ తలుపు : కడుపు నెమ్మదించే మందులు

జీర్ణాశయంలో నురగ, జిగురు ఉంటే కెమెరాకు గోడ సరిగా కనిపించదు. డాక్టరు నీళ్ళు చిమ్మి కడగాలి, ఎక్కువసేపు వెతకాలి, ఎక్కువ గాలి పంపాలి. రోగికి ఆ మేరకు బాధ పెరుగుతుంది. దీనికి విరుగుడు సిమెథికోన్ అనే మందు. ఇది నురగ బుడగల తలతన్యతను తగ్గించి వాటిని పగలగొడుతుంది. రక్తంలోకి చేరదు, వచ్చినదారినే విరేచనంతో పోతుంది. పరీక్షకు సుమారు 15 నుంచి 30 నిమిషాల ముందు కొద్ది నీళ్ళతో తాగిస్తారు. జిగురు కరగడానికి అసిటైల్ సిస్టీన్ కలిపి ఇచ్చే ఆస్పత్రులూ ఉన్నాయి. ఇవి నేరుగా వికారాన్ని ఆపవు. కడుపు శుభ్రంగా ఉంటే పని త్వరగా ముగుస్తుంది, ఏ చిన్న పుండూ నురగ చాటున దాక్కోదు.

కొందరికి హయోసిన్ బ్యూటైల్ బ్రోమైడ్ అనే సూది ఇస్తారు. బస్కోపాన్ అన్న పేరుతో ఇది చాలామందికి తెలుసు. జీర్ణాశయం, పేగుల కదలికలను కాసేపు నిలిపి పట్టివేతలను తగ్గిస్తుంది. దీనికి మూలమైన హయోసిన్ మన దిబ్బల మీద పెరిగే ఉమ్మెత్త చెట్టులో కూడా ఉంటుంది. అలాగని ఎవరూ ఉమ్మెత్త జోలికి పోకూడదు, అది ప్రాణం తీసే విషం. విషానికీ మందుకూ తేడా మోతాదులోనూ, శుద్ధి చేసిన తీరులోనూ ఉంది. ఈ సూది వల్ల నోరు ఎండుతుంది, గుండె వేగం పెరుగుతుంది, చూపు కాసేపు మసకబారుతుంది. గ్లకోమా అనే కంటి జబ్బు, గుండె జబ్బు, ప్రొస్టేటు వల్ల మూత్రం ఆగే ఇబ్బంది ఉన్నవారు ముందే చెప్పాలి. అందువల్లనే దీనిని అందరికీ ఇవ్వరు.

"మరి వాంతి బిళ్ళ ఒకటి మింగి పోతే సరిపోదా?" అని చాలామంది అడుగుతారు. ఒండాన్‌సెట్రాన్, మెటోక్లోప్రమైడ్ వంటి మందులు రక్తంలోని పదార్థాల వల్ల, పేగుల నుంచి వచ్చే కబుర్ల వల్ల కలిగే వాంతిని ఆపడానికి తయారైనవి. గొంతుకు గొట్టం తగలగానే వచ్చే డోకు మీద వాటి ప్రభావం తక్కువ. అందుకే వీటిని ప్రతివారికీ మామూలుగా ఇవ్వరు. పైగా మెటోక్లోప్రమైడ్ వల్ల ముఖ్యంగా చిన్న వయసువారిలో మెడ, దవడ కండరాలు మెలికలు తిరిగే అవకాశం ఉంది. గుండె లయలో తేడా ఉన్నవారికి ఒండాన్‌సెట్రాన్ జాగ్రత్తగా ఇవ్వాలి. కనుక అంగట్లో కొని మన అంతట మనం మింగి పోకూడదు. ప్రయాణంలోనే వాంతులయ్యే మనిషి అయితే ఆ సంగతి డాక్టరుకు చెబితే, అవసరమైనది వారే ఇస్తారు.

మూడవ తలుపు : మనసుకు ధైర్యం

భయం మరీ ఎక్కువగా ఉన్నవారికి మిడజోలం వంటి మత్తు సూది ఇచ్చి పరీక్ష చేయవచ్చు. మనిషి మగతగా ఉంటాడు, జరిగింది పెద్దగా గుర్తుండదు. చిన్నపిల్లలకు సాధారణంగా మత్తు ఇచ్చే చేస్తారు. అయితే మత్తు వల్ల ఊపిరి మందగించవచ్చు కాబట్టి ఆక్సిజన్, నాడి చూసే యంత్రాలు, కనిపెట్టుకొని ఉండే మనిషి ఉండాలి. ఖర్చు పెరుగుతుంది. ఆ రోజంతా బండి నడపకూడదు, ముఖ్యమైన కాగితాల మీద సంతకాలు పెట్టకూడదు, తోడు లేకుండా ఇంటికి పోకూడదు.

మత్తు లేకుండా అయితే పరీక్ష అయిన కాసేపటికి లేచి మామూలుగా బస్సెక్కి ఇంటికి రావచ్చు. మరుసటి రోజు కూలికి పోవచ్చు. అందుకే మన దేశంలో చాలాచోట్ల గొంతు స్ప్రేతోనే చేస్తారు. రెండింటిలో ఏది కావాలో అడిగే హక్కు రోగికి ఉంది. కొన్ని పెద్ద ఆస్పత్రుల్లో 5, 6 మిల్లీమీటర్ల మందం గల సన్నని గొట్టాన్ని ముక్కు గుండా పంపే పద్ధతి కూడా ఉంది. నాలుక మొదలుకు తగలదు కాబట్టి డోకు తక్కువ.

మందులు లేని మందు ఒకటుంది. అది విడమర్చి చెప్పడం. తరువాత ఏం జరుగుతుందో తెలిసిన మనిషి తక్కువ బిగుసుకుంటాడు. ఇది తోడు వెళ్ళిన మనం ఒక్క పైసా ఖర్చు లేకుండా చేయగలిగిన పని.

వెళ్ళే ముందు, లోపల, వచ్చిన తరువాత

ముందురోజు: రాత్రి తేలికగా తిని ఊరుకోవాలి. పరీక్షకు ముందు కనీసం 6 గంటలు ఏమీ తినకూడదు. నీళ్ళు ఎప్పటివరకు తాగవచ్చో ఆస్పత్రిలో అడగాలి, సాధారణంగా 2 గంటల ముందు ఆపమంటారు. కడుపులో అన్నం ఉంటే వాంతి అయి ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. "పొద్దున్నే రొంత సంగటి తిన్యాలే, ఏం కాదులే" అని దాచిపెట్టకూడదు. తిని ఉంటే చెప్పాలి, పరీక్ష వాయిదా వేస్తారు, అంతే.

మందులు: షుగరు బిళ్ళ, ఇన్సులిన్, రక్తం పలుచబడే మందులు వాడేవారు ఆ రోజు ఏం చేయాలో ముందే అడగాలి. రక్తం పలుచబడే మందును సొంతంగా ఆపడం ప్రమాదం. వాడుతున్న మందుల అట్టలన్నీ ఒక సంచిలో వేసుకొని పోవడం అన్నిటికన్నా మంచి పద్ధతి.

లోపల: కట్టుడు పళ్ళు తీసేయాలి, కదిలే పన్ను ఉంటే చెప్పాలి. ఎడమ పక్కకు తిరిగి పడుకోబెడతారు. పళ్ళ మధ్య ప్లాస్టిక్ ముక్క పెడతారు, దాన్ని కరచి పట్టుకోవాలి. ముక్కుతో నిదానంగా గాలి పీల్చి, అంతకన్నా నిదానంగా వదలాలి. చొంగను మింగడానికి ప్రయత్నించకూడదు, దానంతట అది కారిపోనివ్వాలి. అందులో సిగ్గుపడేదేమీ లేదు. కళ్ళు గట్టిగా మూసుకోకుండా ఎదురుగా ఏదో ఒక చోట చూపు నిలిపితే మంచిది. త్రేపు వస్తే రానివ్వాలి. గొట్టాన్ని చేత్తో లాగకూడదు. మరీ ఇబ్బందిగా ఉంటే చేయి ఎత్తి చూపుతానని ముందే డాక్టరుతో అనుకోవాలి.

తరువాత: గొంతు తిమ్మిరి పూర్తిగా పోయేవరకు, అంటే సుమారు అరగంట నుంచి గంట వరకు, నీళ్ళు కూడా తాగకూడదు. మొద్దుబారిన గొంతులో నీళ్ళు దారి తప్పి ఊపిరి గొట్టంలోకి పోతాయి. పరీక్ష అయిందన్న సంతోషంతో ఆస్పత్రి బయట వేడి టీ తాగితే నోరు కాలినా తెలియదు. ముందు ఒక గుక్క చల్లటి నీళ్ళు తాగి, దగ్గు రాకపోతే అప్పుడు తినాలి. ఒకటి రెండు రోజులు గొంతు గరగర, కడుపు ఉబ్బరం ఉండవచ్చు. తీవ్రమైన ఛాతీ లేక కడుపు నొప్పి, జ్వరం, రక్తపు వాంతి, నల్లటి విరేచనం కనిపిస్తే మాత్రం వెంటనే తిరిగి పోవాలి.

ఖర్చు సంగతి: పులివెందుల, ప్రొద్దుటూరు, కడప ఏ ఆస్పత్రికి పోయినా ఎండోస్కోపీ ఏ రోజుల్లో చేస్తారో ముందుగా కనుక్కోవాలి. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ పేరుతో నడుస్తున్న పథకం కింద తరువాతి చికిత్సకు ఏమి వర్తిస్తుందో ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రను అడగాలి. రేషను కార్డు, ఆధార్ కార్డు వెంట ఉంచుకోవాలి.

అడగవలసిన అయిదు ప్రశ్నలు

డాక్టరు గదిలో నిలబడితే మన నోరు పెగలదు. ఈ అయిదు ప్రశ్నలు కాగితం మీద రాసుకొని పోండి.

1. ఈ పరీక్ష దేని కోసం చేస్తున్నారు?
2. స్ప్రేతో చేస్తారా, మత్తు ఇస్తారా? మా మనిషికి ఏది మంచిది?
3. స్ప్రే కొట్టిన తరువాత మందు పట్టడానికి ఎంతసేపు ఆగుతారు?
4. కడుపు శుభ్రం కావడానికి ముందు ఏదైనా తాగాలా?
5. రిపోర్టు ఎప్పుడు వస్తుంది? ఎవరికి చూపించాలి?

వీటిని మర్యాదగా అడిగితే ఏ మంచి డాక్టరూ విసుక్కోరు. తెల్లచొక్కా చూసి చేతులు కట్టుకొని నిలబడే అలవాటు మన పెద్దలకు ఉంది. అడిగితే ఏమనుకుంటారో అని వాళ్ళు అడగలేదు. మనకు చదువు వచ్చింది అడగడానికే.

ముగింపు

గొంతుకు స్ప్రే ఉంది, కడుపుకు మందు ఉంది, అవసరమైతే మత్తు ఉంది. ఇవి డాక్టరు చేతిలో ఉంటాయి. భయానికి మందు మాత్రం రోగి భాషలో మాట్లాడే మనిషి దగ్గర ఉంటుంది. మన ఇళ్ళలో ఆ మనిషి మీరే. తొమ్మిదో తరగతి చదివే తమ్ముడైనా సరే, "అబ్బా, గొంతు మొద్దుబారుతుంది కానీ ఊపిరి ఆగదు, ముక్కుతో నిదానంగా పీల్చు, పది నిమిషాల్లో అయిపోతుంది" అని చెప్పగలడు. ఆ మాట సమయానికి అందక పరీక్ష బల్ల మీద నుంచి లేచి వచ్చేసినవాళ్ళు మన ఊళ్ళలో ఉన్నారు.

ఈ సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఒక పని చేయండి. ఏళ్ళ తరబడి గ్యాస్ బిళ్ళలు, నొప్పి బిళ్ళలు మింగుతున్న మీ నాయననో, అమ్మనో, జేజినో పక్కన కూర్చోబెట్టుకొని పైన రాసిన అయిదు లక్షణాల్లో ఏదైనా ఉందేమో అడగండి. ఉంటే డాక్టరు దగ్గరకు తోడు పొండి. మన హాస్టల్ మనకు పెట్టిన అన్నానికి, నేర్పిన చదువుకు అంతకన్నా మంచి వినియోగం ఉండదని మా నమ్మకం.

ఆరోగ్యమే మహాభాగ్యము. అందరికీ వార్షికోత్సవ శుభాకాంక్షలు.